లేబర్ ఆఫీసుకు వెళ్తే గొడవ పెరుగుతుందా?

చదివే మిగతావాళ్ల కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. గాజువాక ఆటోనగర్‌లో 70 మంది పనిచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డు. మీరు అందులో అకౌంట్స్ చూస్తారు. ఓటీకి, అంటే అదనపు గంటల పనికి, రెట్టింపు కట్టాలని అడిగిన ఇద్దరిని మూడు వారాల కిందట ఓనరు "రేపట్నుంచి రావద్దు" అన్నారు. ఒకరిది ఆరేళ్ల సర్వీసు, ఇంకొకరిది 14 నెలలు. మిగతావాళ్లు లేబర్ ఆఫీసుకు వెళ్తామంటున్నారు. యూనియన్ పెట్టేస్తారని ఓనరుకు టెన్షన్. మధ్యలో మీరు నలుగుతున్నారు. యజమానికీ కార్మికులకూ సంబంధాలు బాగుండాలని ప్రభుత్వం పెట్టిన ఈ ఏర్పాట్లు నిజంగా పనిచేస్తాయా, లేక అక్కడికి వెళ్తే ఉన్న గొడవ పెద్దదవుతుందా అని అడిగారు.

పెద్దదవదు. ఇప్పటికే ఎంత పెద్దదో అక్కడ తెలుస్తుంది, అంతే.

నేను విశాఖలో 31 ఏళ్లు పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో, అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే విభాగంలో, చేశాను. టైమ్ ఆఫీసులో మస్టరు (హాజరు పుస్తకం) రాయడంతో మొదలుపెట్టి, చివర్లో యూనియన్లతో చర్చలు చూస్తూ రిటైరయ్యాను. అంటే ఎప్పుడూ బల్లకు యాజమాన్యం వైపు కూర్చున్నవాణ్ణే. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే కింద రాసేది చదివితే మీ ఓనరు గారు నన్ను యూనియన్ మనిషి అనుకోవచ్చు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. లేబర్ ఆఫీసులో రాజీ చర్చలు నడిపే అధికారిని కన్సిలియేషన్ ఆఫీసర్ అంటారు. ఆయనకు తీర్పు చెప్పే అధికారం లేదు. ఇద్దరినీ పిలవగలరు, రికార్డులు తెమ్మనగలరు, కూర్చోబెట్టి మాట్లాడించగలరు. "వీణ్ణి రేపు పనిలోకి తీసుకో" అని ఆజ్ఞ వెయ్యలేరు. కార్మికులు ఇది తెలియక అక్కడికెళ్లి "సార్ ఏమీ చెయ్యలేదు" అని నిరాశపడతారు. ఓనర్లు ఇది తెలియక నోటీసు రాగానే లాయరును వెతుక్కుంటారు. రాజీ కుదిరితే దాన్ని ఒప్పందంగా రాసి ఇద్దరూ సంతకాలు పెడతారు. పాత చట్టంలోని సెక్షన్ నంబరు పట్టుకుని దాన్ని ఇప్పటికీ అందరూ 'ట్వెల్వ్ త్రీ' అంటారు. మీరిద్దరూ విడిగా టీకొట్టు దగ్గర రాసుకున్న కాగితం సంతకం పెట్టినవాళ్లనే కట్టేస్తుంది. అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం అలా కాదు, ఆ సంస్థలో ఉన్న అందరికీ, రేపు కొత్తగా చేరేవాళ్లకు కూడా వర్తిస్తుంది. అందుకే తెలిసిన యాజమాన్యాలు బయట అంతా మాట్లాడేసుకుని కూడా సంతకాలకు లేబర్ ఆఫీసుకే వెళ్తాయి.

రాజీ కుదరకపోతే ఆయన విఫలమైందని రిపోర్టు ఇస్తారు. పాత రోజుల్లో ఆ తర్వాత ప్రభుత్వం దాన్ని ట్రైబ్యునల్‌కు (ఇలాంటి గొడవల్లో తీర్పు చెప్పే కోర్టు లాంటిది) పంపాలా వద్దా అని నిర్ణయించేది, ఆ ఫైలు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు. కొత్త చట్టంలో (దాని సంగతి కింద చెప్తాను) ఆ మెట్టు తీసేశారు. రిపోర్టు వచ్చిన 90 రోజుల్లో ఎవరైనా నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు.

నా మొదటి కన్సిలియేషన్ సంగతి చెప్తాను. అప్పుడు నేనొక ఇంజనీరింగ్ కంపెనీలో జూనియర్‌ని, పేరు అవసరం లేదు. ఉదయం షిఫ్టుకు పావుగంట ఆలస్యంగా వచ్చినా హాజరు వేసే అలవాటు అక్కడ ఎప్పట్నుంచో ఉంది. అనకాపల్లి వైపు నుంచి పాసింజరు బండిలో వచ్చేవాళ్లు చాలామంది, ఆ బండి ఏనాడూ సరైన టైముకు రాలేదు. కొత్తగా వచ్చిన మేనేజరు ఒక సోమవారం పొద్దున్న ఆ పావుగంట తీసేయమన్నారు. నేనే స్వయంగా గేటు దగ్గర నిలబడి 40 మందికి సగం పూట కోత రాశాను. పని ఆగిపోయింది, తొమ్మిది రోజులు.

చర్చలకు మేం లావుపాటి ఫైలు పట్టుకెళ్లాం. ఎవరు ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చారో పట్టికలు వేసుకుని మరీ. అధికారి ఆ ఫైలు తెరవలేదు. "ఇలా మారుస్తున్నామని నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారా?" అని అడిగారు. లేదన్నాం. అలవాటుగా ఇస్తున్న సౌకర్యం ఏదైనా తీసేయాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉంది, ఇప్పటి కొత్త చట్టంలోనూ ఉంది. మా మేనేజరు మొహం చూడాలి. అధికారి ఇరుపక్షాలనూ టీకి పంపించి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా లోపలికి పిలిచి మాట్లాడారు. సాయంత్రానికి రెండు వాక్యాల ఒప్పందం: నెలకు నాలుగుసార్లు పావుగంట మినహాయింపు, కోసిన జీతం వాపసు. తొమ్మిది రోజుల ఉత్పత్తి పోగొట్టుకుని తెచ్చుకున్నది ఆ రెండు వాక్యాలు. మొదటి రోజే ఎవరైనా ఇద్దరు మేస్త్రీలను పిలిచి అడిగి ఉంటే అవి అక్కడే వచ్చేవి.

ఈ పద్ధతి వెనక ఒక ఆలోచన ఉంది, దానికి మన ప్రాంతంతో చుట్టరికమూ ఉంది. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి కావడానికి చాలా ముందు రైల్వే కార్మిక నాయకుడు. మన వాల్తేరు దాకా వచ్చిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంలోనే పనిచేశారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేశారు. ఆయన ఎప్పుడూ చెప్పింది ఒకటే: కోర్టు తీర్పు కన్నా ఇద్దరూ కూర్చుని కుదుర్చుకున్నదే నిలుస్తుంది, ప్రభుత్వం వాళ్లను కూర్చోబెట్టాలి తప్ప వాళ్ల బదులు నిర్ణయించకూడదు. దీన్ని 'గిరి పద్ధతి' అనేవారు. దేశం ఆ దారిలో పూర్తిగా నడవలేదు, కోర్టుల దారే పట్టింది. లేబర్ కోర్టులో పదేళ్లు నడిచి, చివరికి మనిషి రిటైర్మెంట్ వయసు దాటాక 'తిరిగి ఉద్యోగంలోకి తీసుకోండి' అని వచ్చిన ఉత్తర్వు నేను చూశాను. అప్పుడు గిరి గారే గుర్తొచ్చారు.

ఇప్పుడు చట్టం సంగతి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. మీ గొడవకు సంబంధించినవి ముఖ్యంగా రెండు: 2019 నాటి వేతనాల కోడ్, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్. రెండోది ట్రేడ్ యూనియన్ల చట్టం, స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలో రాసిపెట్టుకునే పని నియమాల) చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం మూడింటినీ కలిపేసింది. యూనియన్లు వీటిని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి, కొన్ని విషయాల్లో నేనూ వాళ్లతో ఏకీభవిస్తాను. ప్రభుత్వ అనుమతి లేకుండా మనుషుల్ని తీసేసే వీలు ఇంతకుముందు కేంద్ర చట్టంలో వంద మంది లోపు ఉన్న ఫ్యాక్టరీలకే ఉండేది, ఇప్పుడు మూడు వందల లోపు ఉన్నవాటికీ ఇచ్చారు. స్టాండింగ్ ఆర్డర్లు కూడా మూడు వందల మంది, ఆపైన ఉంటేనే తప్పనిసరి. మన పరవాడ, అచ్యుతాపురం వైపు చూడండి, 150, 200 మందితో నడిచే యూనిట్లు ఎన్ని! వాళ్లెవరికీ ఆ గొడుగు లేదు. అయితే మీ షెడ్డులో 70 మందే కాబట్టి ఈ మార్పు మీకు పెద్దగా తగలదు. మీకు తగిలేవి వేరే ఉన్నాయి.

మొదటిది ఓటీ. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు. ఇది కొత్త రూలేమీ కాదు, ఫ్యాక్టరీల చట్టంలో 1948 నుంచీ ఉన్నదే. ఓనరు గారు ఎందుకు బెదిరిపోయారో మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఒకసారి లెక్కేయండి. నెలకు 18,000 జీతం అనుకుందాం. 26 రోజులకు భాగిస్తే రోజుకు 692, గంటకు 86 రూపాయల 50 పైసలు. మీరు ఓటీకి ఇప్పుడు సింగిల్ రేటే కడుతున్నారు. అంటే ప్రతి ఓటీ గంటకూ ఇంకో 86.50 బాకీ. ఒక్కొక్కరు నెలకు 30 గంటల చొప్పున 40 మంది ఓటీ చేస్తే నెలకు లక్షా మూడు వేల ఎనిమిది వందలు. ఇలాగే మూడేళ్లు సాగితే 37 లక్షలు పైనే. మూడేళ్లే ఎందుకన్నానంటే, జీతం బాకీ క్లెయిమ్ వెయ్యడానికి వేతనాల కోడ్ మూడేళ్ల గడువు ఇచ్చింది. పైగా క్లెయిమ్ వినే అధికారి దానిమీద పది రెట్ల దాకా పరిహారం వెయ్యొచ్చు. ఇద్దరు మనుషుల్ని గేటు బయట నిలబెడితే ఈ లెక్క మాసిపోదు.

రెండోది ఆ ఇద్దరి సంగతి. నోటిమాటతో తీసేయడం ఓనరుకు అన్నిటికన్నా చెడ్డ దారి. వాళ్లు తప్పు చేశారంటే చార్జిషీటు ఇవ్వాలి, వాళ్ల సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి. ఓటీ అడగడం తప్పు కాదు కాబట్టి ఇక్కడ చార్జిషీటులో ఏం రాస్తారో నాకు అర్థం కావడం లేదు. అలా కాదు, పని తగ్గింది కాబట్టి తగ్గించామంటే అది రిట్రెంచ్‌మెంట్. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఎవరికైనా నెల నోటీసో నెల జీతమో, పైన ఏడాదికి 15 రోజుల చొప్పున సగటు జీతమూ ఇవ్వాలి. 14 నెలల అబ్బాయికి కూడా ఇది వర్తిస్తుంది. బేసిక్, డీఏ కలిపి 18,000 అనుకుంటే ఆరేళ్లాయనకు నోటీసు జీతం 18,000, పరిహారం దాదాపు 54,000, గ్రాట్యుటీ 62,307. కొత్త కోడ్ ప్రకారం రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) కింద ఇంకో 15 రోజుల జీతం 45 రోజుల్లో ఆయన ఖాతాలో పడాలి. పైగా చివర చేరినవాడు ముందు వెళ్లాలన్నది సూత్రం. ఆయన తర్వాత చేరిన వెల్డర్లు అదే పని చేస్తూ లోపల ఉండగా ఆరేళ్లాయన్ని ఎలా తగ్గించారని అడిగితే జవాబు ఉండదు. తీసేసినా, తనంతట మానేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని కూడా ఇప్పుడు చట్టం. మీ దగ్గర మూడు వారాలైంది.

వాళ్లకు దారి ఏమిటంటే, ముందు కన్సిలియేషన్ ఆఫీసర్‌కు అర్జీ. అది ఇచ్చి 45 రోజులైనా తేలకపోతే నేరుగా ట్రైబ్యునల్. తీసేసిన రోజు నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. ఇంతకుముందు మూడేళ్లుండేది, తగ్గించారు. ఒక జాగ్రత్త ఓనరు గారికి చెప్పండి. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు ఆ గొడవలో ఉన్నవాళ్ల సర్వీసు షరతులు మార్చకూడదు, ఆ గొడవకు సంబంధించి ఎవరినీ అనుమతి లేకుండా తీసేయకూడదు. నోటీసు వచ్చిందన్న కోపంతో మూడోవాణ్ణి బయటికి పంపి కేసు పాడుచేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఏ ఆఫీసుకు వెళ్లాలన్నదీ ముఖ్యమే, ఇందులో చాలామంది తిరిగి తిరిగి వస్తారు. మీది ప్రైవేటు షెడ్డు కాబట్టి రాష్ట్ర కార్మిక శాఖ. స్టీల్‌ప్లాంట్, పోర్టు, రైల్వే, బ్యాంకులు కేంద్రం కిందికి వస్తాయి, వాటికి కేంద్ర లేబర్ కమిషనర్ల ఆఫీసు వేరు. తిరకాసు ఇక్కడే. మీ షెడ్డు నుంచి స్టీల్‌ప్లాంట్ లోపలికి షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) మనుషుల్ని పంపుతుంటే, అక్కడ చేసిన పని గురించిన గొడవ కేంద్రం వాళ్ల దగ్గరికి పోతుంది. ఆటోనగర్‌లో ఇలాంటి యూనిట్లు ఉంటాయి. కాబట్టి ఆ ఇద్దరూ ఓటీ ఎక్కడ చేశారో ముందు మస్టరులో చూడండి.

ఇక మీరు అడగని విషయం, కానీ నా ఉద్దేశంలో మీ షెడ్డుకు అన్నిటికన్నా పనికొచ్చేది. 20 మంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థలో గ్రీవెన్స్ కమిటీ, అంటే కార్మికుల ఫిర్యాదులు వినే కమిటీ, ఉండాలి. యజమాని తరఫున ఎందరో కార్మికుల తరఫున అందరు, మొత్తం పది మందికి మించకూడదు. ఆడవాళ్లు పనిచేస్తుంటే వాళ్ల సంఖ్యకు తగ్గట్టు కమిటీలో ఉండాలి. చైర్మన్ ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో తేల్చాలి. కార్మికుల తరఫు సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుంటేనే అది నిర్ణయం అవుతుంది. చాలాచోట్ల ఈ కమిటీ ఉన్నట్టు తనిఖీకి చూపించే రిజిస్టరు ఉంటుంది, కమిటీ ఉండదు. నేను కూడా అలాంటి రిజిస్టర్లు రాశాను, దాచేదేముంది. మినిట్స్‌లో 'మంచినీళ్ల కూలర్ గురించి చర్చించారు' అని ప్రతి నెలా రాసేవాళ్లం, ఆ కూలర్ ఏనాడూ బాగుపడలేదు.

నిజంగా నడిపితే మాత్రం ఇది బాగా పనిచేస్తుంది. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన వెల్డర్లు మీ దగ్గరా ఉండే ఉంటారు, వాళ్లలో ఒకరిని తప్పకుండా కూర్చోబెట్టండి. భాష రాక మూడు నెలలు లోపల పెట్టుకుని ఒకరోజు మూకుమ్మడిగా బండెక్కి వెళ్లిపోయేది వాళ్లే. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వెళ్లినవాళ్ల సెలవుల సంగతి నవంబరులోనే కమిటీలో రాసుకోండి. పండక్కి వెళ్లి పదిహేను రోజులకు వచ్చిన మనిషిని 'చెప్పకుండా మానేశాడు' అని తీసేసిన కేసులు నేనే ఎన్నో చూశాను. అన్నట్టు, కొత్త కోడ్‌లో సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెడితే సమ్మె కింద లెక్క. సంక్రాంతి దానికిందికి రాదు లెండి, వస్తే ఉత్తరాంధ్ర మొత్తం సమ్మెలో ఉన్నట్టే!

సమ్మె అంటే గుర్తొచ్చింది. మీ వాళ్లు వేడిమీద 'రేపట్నుంచి పని బంద్' అంటే ఆపండి. ఇంతకుముందు ముందస్తు నోటీసు నీళ్లు, కరెంటు లాంటి అత్యవసర సేవలకే తప్పనిసరి. ఇప్పుడు ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా మానేస్తే అది చట్టవిరుద్ధ సమ్మె, ఓటీ గురించి న్యాయమంతా వాళ్ల వైపు ఉన్నా జరిమానా వాళ్లకు పడుతుంది. ఓనరు నోటీసు లేకుండా గేటుకు తాళం వేసినా ఇదే వరస, అక్కడ జరిమానా 50,000 నుంచి లక్ష దాకా.

యూనియన్ గురించి ఓనరు గారి టెన్షన్ నాకు అర్థమవుతుంది, కానీ ఆయన తప్పు చోట భయపడుతున్నారు. ఏడుగురు కలిస్తే యూనియన్ రిజిస్టర్ చేసుకోవచ్చు. పని చేసేవాళ్లలో పది శాతమో వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. మీ 70 మందిలో పది శాతం కూడా ఏడుగురే. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపాలని చూడటం కూడా చట్టం దృష్టిలో తప్పే. స్టీల్‌ప్లాంట్‌లో గుర్తింపు యూనియన్‌ను రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటారు. దానివల్ల కర్మాగారం మూతపడలేదు, ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తెలిసింది. నా అనుభవంలో నాయకుడు లేని గుంపుతో మాట్లాడటం కన్నా, ఎంత మొండివాడైనా సరే నాయకుడు ఉన్న యూనియన్‌తో మాట్లాడటమే సులువు. గుంపుతో ఈరోజు ఒప్పుకున్నది రేపు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ ఏర్పాట్లలో లోపాలు లేవని కాదు. చర్చలకు ఓనరు రాకుండా ఏ అధికారమూ లేని గుమాస్తాను పంపుతారు, 'సార్ ఊళ్లో లేరు' అని వాయిదా అడుగుతారు. మూడు వాయిదాలయ్యేసరికి రోజుకూలీ మనిషి రావడం మానేస్తాడు, బస్సు చార్జీలూ పోయి ఆరోజు కూలీ కూడా పోతుంది కదా. ఇన్‌స్పెక్టర్‌ను ఇప్పుడు 'ఇన్‌స్పెక్టర్ కం ఫెసిలిటేటర్' అంటున్నారు. అంటే ముందు సలహా చెప్పి సరిదిద్దుకునే అవకాశం ఇచ్చి, ఆ తర్వాతే కేసు. మీలాంటి చిన్న షెడ్డుకు ఇది మేలే. వేళ్లు తెగే మెషిన్లున్న చోట మాత్రం నాకు ఇది నచ్చలేదు.

ఆ గుమాస్తాగా మిమ్మల్నే పంపే ప్రమాదం ఉంది, చూసుకోండి. వెళ్లాల్సి వస్తే ఎంతవరకు ఒప్పుకోవచ్చో ఓనరు గారి సంతకంతో రాయించుకుని వెళ్లండి. ఇంకో మాట, గుమాస్తా పని చేసేవాళ్లు కూడా చట్టం దృష్టిలో కార్మికులే. రేపు మీకేదైనా అయితే మీరు వెళ్లాల్సిందీ అదే ఆఫీసుకు.

ఇప్పుడేం చెయ్యాలి అంటే, నేనైతే వాళ్లు ఆఫీసు మెట్లెక్కకముందే ఆ ఇద్దరినీ పనిలోకి పిలుస్తాను. మూడు వారాల జీతం ఇచ్చేస్తాను. ఓటీ రెట్టింపు ఈ నెల నుంచి మొదలుపెట్టి, పాత బాకీని ఎన్ని వాయిదాల్లో కట్టగలమో కూర్చుని మాట్లాడతాను. కుదిరినదాన్ని లేబర్ ఆఫీసుకు పట్టుకెళ్లి అధికారి ఎదుట సంతకాలు పెట్టిస్తాను. ఓనరు గారు ఒప్పుకోకపోతే వాళ్లను వెళ్లనివ్వండి, అడ్డుపడకండి. రెండింట్లో ఏది జరిగినా ముందు అవసరమయ్యేవి ఆ ఇద్దరి మస్టరు పేజీలు, జీతం రిజిస్టరు, ఓటీ గంటలు రాసిన పుస్తకం. ఓటీ పుస్తకం చాలా షెడ్లలో మేస్త్రి జేబులో ఉంటుంది. మీ దగ్గరా అలాగే ఉంటే రేపే దాని కాపీ తీసి పెట్టుకోండి.